ఒకే పుస్తకంలో రాద్దాం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు నిర్వాహకులు. నేను ముప్పై ఏళ్ళుగా భవనాలు కట్టించే పనిలో ఉన్నాను. పండగపూట సిమెంటు, ఇనుము గురించి మొదలుపెడితే మీ చూపు భోజనాల షామియానా వైపు పోతుందని తెలుసు. అందుకని నా వృత్తిలో నేర్చుకున్న సంగతి ఒక్కటి మాత్రం తీసుకుంటాను. దాన్ని వేరే చోట పెట్టి చూపిస్తాను. వైకల్యం ఉన్న పిల్లలకు, పెద్దలకు సాయం చేసే వృత్తులు ఉన్నాయి కదా, ఆ చోట.

సంఘం వారు అచ్చువేసిన సభ్యుల పట్టిక నిన్న రాత్రి చదివాను. అందులో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, లెక్కకు మించి టీచర్లున్నారు, అంగన్‌వాడీలో పనిచేసేవారున్నారు, సంక్షేమ శాఖ ఉద్యోగులున్నారు, నాలాంటి ఇంజినీర్లున్నారు, మంచి పేరున్న వడ్రంగి మేస్త్రి కూడా ఉన్నాడు. అందరం ఇక్కడే ఒకే లెక్కల మాస్టారి దగ్గర చెవులు మెలివేయించుకున్నవాళ్ళం. కానీ ఒక పిల్లవాడికి సాయం కావలసి వచ్చినప్పుడు మనలో ఒకరి మాట ఒకరికి చేరడం లేదు. ఎందుకు చేరడం లేదో, చేరాలంటే ఏం చేయాలో నాకు తోచింది చెబుతాను.

ముందు మా వృత్తి సంగతి. ఒక భవనానికి ఆర్కిటెక్టు ఒక డ్రాయింగు ఇస్తాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంకొకటి ఇస్తాడు. కరెంటు పనివాళ్ళది ఒకటి, ప్లంబింగు వాళ్ళది ఒకటి. విడివిడిగా చూస్తే నాలుగూ బాగానే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, బాత్రూము పైపు వెళ్ళాల్సిన చోట సరిగ్గా బీము ఉంటుంది. కాంక్రీటు పోయక ముందే ఈ సంగతి బయటపడితే అక్కడ ఒక గొట్టం ముక్క వదిలేస్తాం, దాన్ని స్లీవు అంటారు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. పోశాక బయటపడితే బీముకు కన్నం కొట్టాలంటాడు ప్లంబరు, దాన్ని ముట్టుకుంటే ఒప్పుకోనంటాడు స్ట్రక్చరల్ ఇంజినీరు. ఇల్లు కట్టుకునే ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోతాడు.

అందుకే స్లాబు వేసే ముందు అందరం ఒక బల్ల చుట్టూ నిలబడి నాలుగు డ్రాయింగులూ కలిపి చూస్తాం. ఏం అనుకున్నామో రాసుకుంటాం. ఎవరు ఏ తేదీలోపు ఏం చేయాలో పక్కన పేరు రాస్తాం. ఇదేమీ గొప్ప విద్య కాదు. కానీ ఈ పని చేయని సైటుకూ, చేసే సైటుకూ ఉన్న తేడా ఇల్లు పూర్తయ్యాక గోడల మీద తడి మరకల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. మా చెల్లెలి కొడుకుకు సెరిబ్రల్ పాల్సీ. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాల మీద అదుపు తగ్గే స్థితి అది. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, కానీ పిల్లవాడు పెరిగేకొద్దీ దాని ప్రభావం మారుతూ ఉంటుంది. అందుకని ఒక డాక్టరుతో, ఒక మందుతో తీరే పని కాదు. వాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఎముకల డాక్టరు, నరాల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయురాలు, క్లాసు టీచరు, సర్టిఫికెట్టు ఇచ్చే ఆఫీసు, ఇలా ఎనిమిది చోట్ల ఎనిమిది ఫైళ్ళు తయారయ్యాయి.

వాళ్ళందరూ మంచివాళ్ళే, పని తెలిసినవాళ్ళే. ఫిజియోథెరపిస్టు సాయంత్రం 40 నిమిషాలు కాళ్ళు సాగదీయించమన్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతివేళ్ళకు అరగంట పని చెప్పారు. స్పీచ్ థెరపిస్టు 20 నిమిషాలు పైకి చదివించమన్నారు. క్లాసు టీచరు గంట హోంవర్కు ఇచ్చారు. కూడండి. 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. పిల్లవాడు బడి నుంచి వచ్చేది అయిదింటికి, ఏడు దాటితే అలసి వాలిపోతాడు. మధ్యలో స్నానం ఉంది, తిండి ఉంది, చెల్లెలికి వంట ఉంది, వాడికి కాస్త ఆట ఉండాలి. ఈ కూడిక ఎనిమిది ఫైళ్ళలో ఒక్కదానిలోనూ లేదు. కూడింది మా చెల్లెలు ఒక్కతే. ఏదో ఒకటి మానక తప్పదు కదా, ఒకరోజు ఇది, ఒకరోజు అది మానేది. అప్పుడు ఒక ఫైల్లో "ఇంటి దగ్గర వ్యాయామం చేయించడం లేదు" అని, ఇంకో ఫైల్లో "తల్లి సహకారం తక్కువ" అని ఎక్కింది.

కాళ్ళ స్ప్లింట్లదీ అంతే. రోజంతా ఉంచమన్నది ఫిజియోథెరపిస్టు. బడిలో పిల్లలంతా నేల మీద కూర్చుంటే వీడు స్ప్లింట్లతో మఠం వేసుకోలేడు. టీచరమ్మ జాలిపడి తీసి పక్కన పెట్టేది. ఫిజియోథెరపిస్టుకు ఆ సంగతి తెలియదు, టీచరమ్మకు ఆ స్ప్లింట్లు ఎందుకో తెలియదు. పైపుకు బీము అడ్డం వచ్చినట్టే.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు వేరేగా మొదలుపెట్టింది. వ్యాయామం చెప్పక ముందు, "అమ్మా, సాయంత్రం అయిదు నుంచి మీ ఇంట్లో ఏం జరుగుతుందో గంట గంటకూ చెప్పండి" అని అడిగింది. విని, ఒక పొడుగు నోటుపుస్తకం కొనిపించింది. వాణ్ణి చూసే ప్రతివారూ ఆ పుస్తకంలో రెండు లైన్లు రాయాలి, మామూలు మాటల్లో, తెలుగులో. మొదటి నెల కొందరు విసుక్కున్నారు. తర్వాత అలవాటయింది.

టీచరమ్మ రాసింది: "నేల మీద కూర్చోబెట్టాలంటే స్ప్లింట్లు తీయక తప్పడం లేదు." ఫిజియోథెరపిస్టు కింద రాసింది: "నేల మీద ఉన్న ఆ గంట తీయండి, మిగతాసేపు కుర్చీలో ఉంచి కట్టండి." కుర్చీలో పాదాలు గాలిలో వేలాడుతున్నాయని ఆక్యుపేషనల్ థెరపిస్టు రాస్తే, మా వీధి వడ్రంగి కాళ్ళ కింద ఒక పీట బిగించాడు. స్పీచ్ థెరపిస్టు చదివించమన్న 20 నిమిషాలూ హోంవర్కు పాఠాన్నే పైకి చదివించారు. రెండు పనులు ఒకటయ్యాయి. కాళ్ళు సాగదీయడం స్నానం వేళకు మారింది. రెండున్నర గంటలు గంటంబావుకు వచ్చింది. అద్భుతాలు జరిగాయని చెప్పను. వాడు పరుగెత్తలేదు. కానీ మా చెల్లెలు సాయంత్రాలు పోలీసు ఉద్యోగం మానేసి మళ్ళీ అమ్మ అయింది.

ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు మాట్లాడుకోలేదు? కారణాలు మూడు కనిపిస్తున్నాయి నాకు.

మొదటిది భాష. మనం ఒకే మాట అంటాం, వేరువేరుగా అర్థం చేసుకుంటాం. స్ట్రెస్ అంటే నాకు చదరపు మిల్లీమీటరు మీద ఎంత బలం పడుతోందన్న లెక్క. మానసిక వైద్యుడికి అది మనిషి గుండె బరువు. టాలరెన్స్ అంటే నాకు గోడ ఎన్ని మిల్లీమీటర్లు తేడా రావచ్చన్నది. డాక్టరుకు ఒంటికి మందు పడుతుందా లేదా అన్నది. 40 శాతం అన్న మాట చూడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 40 శాతం అంటే రిజర్వేషన్ల వంటి కొన్ని హక్కులు మొదలయ్యే గీత. తల్లిదండ్రులు దాన్ని "మిగతా అరవై బాగానే ఉందన్నమాట" అని వింటారు. టీచరు మార్కుల్లాగా వింటాడు. నేను వాలు లెక్కలాగా వింటాను. ఆ పిల్లవాడు మన బడి మెట్లు ఎక్కగలడా లేదా అన్నది మాత్రం ఆ అంకెలో లేదు.

మనిషిని పిలిచే పేరు కూడా చోటును బట్టి మారిపోతుంది. ఆసుపత్రిలో పేషెంటు, బడి రికార్డులో ప్రత్యేక అవసరాల పిల్లవాడు, సంక్షేమ శాఖలో లబ్ధిదారుడు, మా డ్రాయింగులో యూజరు. ఇంట్లో మాత్రమే వాడికి పేరుంది.

రెండోది పాలన. డాక్టర్ల వృత్తిని చూసేది నేషనల్ మెడికల్ కమిషన్. ప్రత్యేక ఉపాధ్యాయులకు, స్పీచ్ థెరపిస్టులకు 1992 చట్టంతో వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్. ఫిజియోథెరపిస్టులకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు 2021 చట్టం కింద ఇంకో కమిషన్. ఆరోగ్య శాఖ వేరు, విద్యా శాఖ వేరు, సంక్షేమ శాఖ వేరు. ఎవరి రిజిస్టరు వారిది. పక్క శాఖవారితో మాట్లాడిన అరగంటను రాసుకునే గడి ఏ రిజిస్టరులోనూ ఉండదు. గడి లేని పని జరగదు, ఇది ప్రభుత్వంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

మూడోది, చెప్పుకోవడానికి మొహమాటపడేది, హోదా. డాక్టరు ఉన్న గదిలో థెరపిస్టు తగ్గి మాట్లాడతాడు. థెరపిస్టు ఉన్న గదిలో టీచరు తగ్గుతుంది. వీళ్ళందరి ముందు తల్లి నోరే విప్పదు. వడ్రంగిని గదిలోకే పిలవరు. రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఆ పిల్లవాణ్ణి చూసేది తల్లి. ఆమెకు తెలిసింది అందరికంటే ఎక్కువ, ఆమె మాట్లాడేది అందరికంటే తక్కువ.

ఈ మూడు అడ్డంకులూ దాటినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మన దేశంలోనే ఉన్నారు.

1960ల చివర జైపూర్‌లో సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ ఎముకల శస్త్రవైద్యులు. కాలు పోయినవాళ్ళకు అప్పట్లో పాశ్చాత్య దేశాల నమూనా కృత్రిమ పాదాలు అమర్చేవారు. దానికి బూటు తప్పనిసరి. మడమ వంగదు. మన రైతు బూటుతో మడిలోకి దిగలేడు, గొంతుక్కూర్చోలేడు, మఠం వేసుకుని అన్నం తినలేడు, గుడిలోకి వెళ్ళలేడు. ఇచ్చిన కాలును మూల పెట్టి మళ్ళీ కర్రలే పట్టుకునేవారు. వైద్యం పరంగా చూస్తే కాలు అమర్చడం పూర్తయింది. ఆ మనిషి బతుకు పరంగా చూస్తే మొదలే కాలేదు.

అదే ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు ఉండేవారు. పెద్ద చదువు లేదు, అందరూ మాస్టర్‌జీ అనేవారు. చేతిలో విద్య ఉంది, ఏ పదార్థం ఎలా వంగుతుందో వేళ్ళకు తెలుసు. మన బడిలో ఒకప్పుడు ఉన్న క్రాఫ్టు మాస్టారిని తలుచుకోండి, అలాంటి మనిషి. టైర్లు రీట్రెడింగు చేసే పద్ధతిలో రబ్బరును కాల్చి పాదం చేయవచ్చన్న దారి ఆయనది. ఎముక, కీలు ఎలా కదలాలో సేఠీ గారికి, ఇతర డాక్టర్లకు తెలుసు. ఎక్కడ నొప్పి పుడుతోందో, పొలంలో ఎలా జారుతోందో వేసుకున్నవాళ్ళకు తెలుసు. ఈ ముగ్గురి తెలివీ కలిస్తే జైపూర్ పాదం వచ్చింది. బూటు అక్కర్లేదు, తడిసినా ఫరవాలేదు, గొంతుక్కూర్చోవచ్చు, చెట్టెక్కవచ్చు. 1975లో డి.ఆర్. మెహతా గారు స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని పేదలకు ఉచితంగా అందించడం మొదలుపెట్టింది. మెహతా గారు డాక్టరు కాదు, ఐఏఎస్ అధికారి. అంటే నాలుగో విద్య కూడా కలిసింది.

మన తరానికి జైపూర్ పాదం అంటే గుర్తొచ్చేది "మయూరి" సినిమా. ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్ గారు ఆ పాదంతో మళ్ళీ నాట్యం చేశారు. ఆమె కథతో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ సినిమాలో ఆమే నటించారు. మీలో చాలామంది ఆ సినిమా హాల్లో ఏడ్చి ఉంటారు. ఆ పాదం వెనక ఒక డాక్టరు, ఒక చేతిపనివాడు పక్కపక్కన కూర్చున్న సంగతి సినిమా చూసిన ఎంతమందికి తెలుసు?

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. 1981లో సేఠీ గారికి రామన్ మెగసెసె అవార్డు వచ్చింది, ఆయన దానికి అన్ని విధాలా అర్హులు. రామచంద్ర శర్మ పేరు మాత్రం ఆ స్థాయిలో లోకానికి తెలియలేదు. కలిసి పనిచేయించుకోవడం ఒక ఎత్తు, కలిసి పేరు పంచుకోవడం ఇంకో ఎత్తు. రెండోది జరగని చోట మొదటిది ఎక్కువ కాలం నిలవదు.

రెండో ఉదాహరణ మన హైదరాబాదుది. అబ్దుల్ కలాం గారు డీఆర్‌డీవోలో క్షిపణుల పని చూస్తున్న రోజుల్లో నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యులొకరు వారి ప్రయోగశాలకు వచ్చారు. క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన మిశ్రమ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. చూసి, కలాం గారిని తమ వార్డుకు తీసుకుపోయారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లోనే అదే పదార్థంతో 300 గ్రాముల క్యాలిపరు తయారైంది. ఆ పిల్లలు తేలిగ్గా నడుస్తుంటే తల్లిదండ్రుల కళ్ళ నీళ్ళు చూశానని కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు.

ఇంజినీరుగా నేను ఇందులో చూసేది పదార్థం గొప్పతనం కాదు. ఆ పదార్థం అప్పటికే ఉంది. పిల్లల కష్టమూ అప్పటికే ఉంది. రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. ఒక డాక్టరు తనది కాని గదిలోకి వెళ్ళి, ఆ గదిలోని శాస్త్రవేత్తను తన గదికి తీసుకురావడం, అదొక్కటే కొత్తగా జరిగింది.

ఇంకా వెనక్కి పోతే, మడతపెట్టే చక్రాల కుర్చీని 1930లలో అమెరికాలో తయారుచేసిన ఇద్దరూ ఇంజినీర్లే. అందులో హెర్బర్ట్ ఎవరెస్ట్ గని ప్రమాదంలో వెన్ను విరిగి తానే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. రెండోవాడు ఆయన స్నేహితుడు, మెకానికల్ ఇంజినీరు హ్యారీ జెన్నింగ్స్. కారులో పెట్టుకుపోయే కుర్చీ కావాలని వాడేవాడికే తట్టింది. వాడేవాడు బల్ల దగ్గర ఉంటే పని ఎలా మారుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే చేసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి నిపుణుడు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు అక్కడ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఉద్దేశం. మన తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సమ్మిళిత విద్య ఉపాధ్యాయులు ఉన్నారు. చట్టం ఉంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే 2016 చట్టంలో 21 ఉన్నాయి. కప్పు ఒకటే అయినంత మాత్రాన మాట కలవదు. ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళందరూ ఒకే రైలు కోసం నిలబడరు కదా.

ఆపరేషన్ థియేటరు సంగతి చెబుతాను. అక్కడ కప్పు ఒకటే, బల్ల ఒకటే, పేషెంటు ఒకరే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి తీసుకొచ్చింది. అందులో ఒక అంశం, కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతివారూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఆగి, ఒకరితో ఒకరు మాట్లాడుకుని, చూసుకోవాల్సినవి చూసుకుని మొదలుపెట్టారు, అంతే.

అదే సంస్థ 2001లో వైకల్యం గురించి అన్ని వృత్తులకూ ఉమ్మడి భాష ఒకటి తయారుచేసింది. దాని సారం మనకు కావలసినంత వరకు చెబుతాను. శరీరంలో ఏముందన్నది ఒక ప్రశ్న. మనిషి ఏ పని చేయగలుగుతున్నాడన్నది రెండో ప్రశ్న. నలుగురిలో కలిసి బతుకుతున్నాడా అన్నది మూడో ప్రశ్న. చుట్టూ ఉన్న పరిస్థితి సాయపడుతోందా, అడ్డుపడుతోందా అన్నది నాలుగో ప్రశ్న. మొదటిదానికి డాక్టరు, రెండోదానికి థెరపిస్టు, మూడోదానికి టీచరు, స్నేహితులు, నాలుగోదానికి నాలాంటి ఇంజినీరు జవాబు చెప్పాలి. నాలుగు జవాబులూ ఒక కాగితం మీద ఉంటేనే ఆ మనిషి మనకు అర్థమవుతాడు.

ఇక మన బడి దగ్గరికి వస్తాను. ఇదే నేను అసలు చెప్పదలచుకున్నది.

ఇప్పుడు మన బడిలో సర్టిఫికెట్టు ఉన్న పిల్లలు ముగ్గురున్నారని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. ఒకమ్మాయికి చూపు బాగా తక్కువ. ఒకబ్బాయి వినికిడి యంత్రం పెట్టుకుంటాడు. ఇంకో అబ్బాయి చక్రాల కుర్చీలో వస్తాడు. వాడు ఎనిమిదో తరగతి. రోజూ పొద్దున వాళ్ళమ్మ కూలిపనికి పోయే ముందు వచ్చి, మన వరండా మెట్లు నాలుగూ వాణ్ణి ఎత్తుకుని ఎక్కిస్తుంది, సాయంత్రం వచ్చి దింపుతుంది. మధ్యలో వాడు మంచినీళ్ళు తాగడు. ఎందుకంటే తాగితే మరుగుదొడ్డికి వెళ్ళాలి, దాని గుమ్మంలో కుర్చీ పట్టదు. ఎదిగే పిల్లవాణ్ణి తల్లి ఇంకా ఎన్నాళ్ళు ఎత్తుతుంది? ఎత్తలేని రోజు వాడి చదువు ఆగుతుంది. పదో తరగతికి ఇంకా రెండేళ్ళుంది.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర తోరణం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. తోరణం వద్దని నేను అనను, బడి పేరు దూరానికి కనపడాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ తోరణం కింద నుంచి వచ్చిన పిల్లవాడు నాలుగు మెట్ల దగ్గర ఆగిపోకూడదు. ముందు ఆ నాలుగు మెట్ల సంగతి చూద్దాం.

లెక్క సులువు. మెట్టు ఆరంగుళాలు, నాలుగు మెట్లు అంటే రెండడుగుల ఎత్తు. ర్యాంపు వాలు 12కు 1 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే ఇరవై నాలుగు అడుగుల పొడవు. మన వరండా పక్కన వేపచెట్టు వైపు అంత చోటుంది. చాలా ఆఫీసుల ముందు ఎనిమిది, పది అడుగుల్లో ముగించిన ర్యాంపులు చూస్తుంటాం. రూలు ప్రకారం ర్యాంపు ఉన్నట్టే, కుర్చీ మాత్రం ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు జారిపోతుంది. కొన్నిటికి పైన నున్నటి గ్రానైటు పరుస్తారు, వాన పడితే మామూలు మనుషులే జారతారు. కొన్నిటి చివర తాళం వేసిన గ్రిల్లు ఉంటుంది. ఇవన్నీ వాడేవాణ్ణి అడగకుండా కట్టినవి.

అందుకని నా విన్నపం ఏమిటంటే, డ్రాయింగు గీయక ముందు ఒక ఆదివారం ఒక బల్ల చుట్టూ కూర్చుందాం. ఆ ముగ్గురు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయులు, క్లాసు టీచర్లు, భవిత కేంద్రం ఉపాధ్యాయులు, మన సంఘంలోని డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మన వడ్రంగి మేస్త్రి, నేను. గీయడం నా పని. ఎక్కడ గీయాలో చెప్పాల్సింది వాళ్ళు. నేను ర్యాంపు గురించే ఆలోచిస్తుంటే, చూపు తక్కువున్న అమ్మాయి మెట్ల అంచుకు పసుపు రంగు గీత వేస్తే చాలంటుందేమో. వినికిడి యంత్రం ఉన్న అబ్బాయి, వట్టి గోడల గదిలో ఫ్యాను చప్పుడు, ప్రతిధ్వని కలిసి టీచరు మాటను మింగేస్తున్నాయని చెబుతాడేమో. ఇలాంటివి నా కోడు పుస్తకంలో వెతికితే దొరకవు, వాళ్ళ నోట వినాలి.

ఆ బల్ల దగ్గర అయిదు పద్ధతులు పెట్టుకుందామని నా సూచన. ఒకటి, పిల్లవాడు, తల్లి ముందు మాట్లాడాలి, డాక్టరు, ఇంజినీరు చివర మాట్లాడాలి. రెండు, వృత్తి భాష వాడినప్పుడు ఎవరైనా సరే "అంటే ఏమిటండీ?" అని ఆపే హక్కు ఉండాలి, ఆపినవాళ్ళను ఎవరూ చిన్నచూపు చూడకూడదు. మూడు, లక్ష్యం రోజువారీ బతుకులోంచి రావాలి. "కండరాల బలం పెంచాలి" అని కాకుండా "మధ్యాహ్న భోజనం వరుసలో తన కంచం తానే పట్టుకోవాలి" అని రాయాలి. అలా రాస్తే డాక్టరు, టీచరు, వడ్రంగి ముగ్గురికీ తమ పని ఏమిటో తెలుస్తుంది. నాలుగు, ప్రతి పిల్లవాడికీ ఒకే పుస్తకం, అది తల్లి దగ్గరే ఉండాలి, చూసిన ప్రతివారూ అందులో రెండు లైన్లు రాయాలి. ఐదు, ముగ్గురు పిల్లలకూ ముగ్గురు పెద్దలు బాధ్యులుగా ఉండాలి. మూడు నెలలకోసారి పుస్తకం తెరిచి, అనుకున్నది జరిగిందా లేదా చూడాలి.

ఇందులో డబ్బు పెద్దగా అక్కర్లేదు. ర్యాంపుకు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు చేయడానికి, లోపల పట్టుకునే కడ్డీలు బిగించడానికి అయ్యే ఖర్చు తోరణం ఖర్చులో ఒక భాగమే. అంచనా వేసి సంఘం కార్యదర్శి గారికి ఈ ఉదయమే ఇచ్చాను, నోటీసు బోర్డు మీద ఉంది, ఎవరైనా చూడవచ్చు. డబ్బు కంటే కష్టమైనది మన సమయం, మన హోదా కాసేపు పక్కన పెట్టడం. ఈ ఆవరణలో అది కొంచెం సులువు. ఇక్కడ మనల్ని ఇంకా రోల్ నంబర్లతో గుర్తుపట్టే మాస్టార్లున్నారు. వాళ్ళ ముందు పెద్ద డాక్టరు, పెద్ద ఇంజినీరు అని ఎవరమూ చెప్పుకోలేం.

గురువులకు ఒక్క మాట. అయ్యా, మీరు మమ్మల్ని ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు వేరుగా పరీక్ష పెట్టి పంపించారు, అది అప్పటి పద్ధతి. కానీ సైన్సు మాస్టారు సెలవు పెట్టిన రోజు తెలుగు మాస్టారు వచ్చి అదే పాఠం కథగా చెప్పిన బడి ఇది. కాబట్టి సబ్జెక్టుల మధ్య గోడలు దాటడం మాకు మీ దగ్గరే కొంత అబ్బింది. మిగతాది మేము నేర్చుకోవాలి.

భోజనాలయ్యాక రిజిస్ట్రేషను బల్ల దగ్గర ఒక కాగితం పెట్టిస్తాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు రాగలిగినవాళ్ళు పేరు, ఏ పని చేస్తారో రాయండి. డాక్టరైనా, మేస్త్రీ అయినా, ఏ వృత్తీ లేక ఇంటి దగ్గర అలాంటి పిల్లవాణ్ణో, ముసలివారినో చూసుకుంటున్న తల్లి, కోడలు, కొడుకు అయినా సరే. ఆ చివరి వరుసవాళ్ళు తప్పకుండా రావాలి, ఎందుకంటే మిగతా మా అందరికీ తెలియనిది మీకే తెలుసు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ అబ్బాయి కుర్చీ దిగకుండా తరగతిలోకి రావాలి, దాహమేసినప్పుడు నీళ్ళు తాగాలి.